వెనకబడ్డ అధ్యక్ష అభ్యర్థి చివరి 5 వారాల్లో తేల్చుకోని ఓటర్లను ఎలా తిప్పుకోవాలి? గురువారం సెమినార్, సాయం చేయండి

తార్నాక_పీజీ:

అందరికీ నమస్కారం. నేను ఓయూలో ఎంఏ పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం. గురువారం మా క్లాసులో అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద సెమినార్ ఉంది. మమ్మల్ని రెండు టీములు చేశారు, నాకు వెనకబడ్డ అభ్యర్థి వైపు వచ్చింది. పోలింగ్‌కి ఇంకా 5 వారాలు ఉన్నాయనుకోవాలి, దేశం మొత్తం మీద సర్వేల్లో మా అభ్యర్థి 4 పాయింట్లు తక్కువ, ఎవరికి వేయాలో ఇంకా తేల్చుకోనివాళ్లు కొంతమంది మిగిలారు, వాళ్లను మనవైపు ఎలా తెచ్చుకుంటామో ప్లాన్ చెప్పాలి.

నా మొదటి డ్రాఫ్ట్‌లో టీవీ యాడ్లు పెంచాలని, సోషల్ మీడియాలో యువతను పట్టుకోవాలని, అవతలి అభ్యర్థి తప్పులు ఎత్తిచూపాలని, మధ్యతరగతికి పన్ను తగ్గిస్తామని చెప్పాలని రాశాను. సార్ చదివి, "ఇందులో నీ అభ్యర్థి పేరు తీసేసి అవతలివాళ్ల పేరు పెట్టినా సరిపోతుంది కదమ్మా" అన్నారు. నిజమే. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఉండటానికి ఇంకో కారణం మా అక్క. జార్జియాలో, అట్లాంటాకి దగ్గర్లో ఉంటుంది. 2024లో తనకి అక్కడ మొదటి ఓటు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఫోన్ మిక్సీకి ఆనించి పెట్టి దోసెల పిండి రుబ్బుకుంటూ మాట్లాడేది. "రెండు పార్టీల నుంచీ రోజూ మెసేజ్‌లే, పోస్టు డబ్బా నిండా రంగు కార్డులే, నేను అడగాలనుకున్నదానికి మాత్రం ఒక్కళ్లూ జవాబు చెప్పట్లేదు" అనేది. అక్క చదువుకున్నది, వార్తలు చూస్తుంది, అయినా చివరి వారం దాకా తేల్చుకోలేదు. అలాంటి మనిషిని ఎలా ఒప్పించాలో నాకు నిజంగా తెలియట్లేదు. వెనకనుంచి వచ్చి గెలిచినవాళ్లు అసలు ఏం చేశారో తెలిసినవాళ్లు చెప్పండి.

చిక్కడపల్లి_పాత_డెస్క్:

అమ్మా, నేను తెలుగు పత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్క్ మీద 30 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నీ ప్లాన్‌లో మొట్టమొదట కొట్టేయాల్సింది ఆ 4 పాయింట్ల లెక్క. అమెరికాలో గెలుపు దేశం మొత్తం ఓట్లతో తేలదు. ఒక్కో రాష్ట్రానికి కొన్ని ఎలక్టోరల్ ఓట్లుంటాయి, దాదాపు అన్ని రాష్ట్రాల్లో అక్కడ గెలిచినవాళ్లకే అవన్నీ పోతాయి. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 రావాలి, అంతే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, అయినా ఓడిపోయింది. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడు రాష్ట్రాలూ కలిపి ఆమె వెనకబడింది 78 వేల ఓట్ల లోపే. మన శేరిలింగంపల్లి ఒక్క నియోజకవర్గంలోనే 7 లక్షల పైచిలుకు ఓటర్లున్నారు, దాంతో పోల్చుకుని చూడు ఆ తేడా ఎంతో. పార్టీ అభ్యర్థి అయ్యాక ఆమె విస్కాన్సిన్‌లో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. కాబట్టి నీ మొదటి పేజీలో మ్యాప్ ఉండాలి. 2024లో అందరూ తిరిగింది పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా, ఈ ఏడింటి చుట్టూనే. ఒక్క పెన్సిల్వేనియాకే 19 ఎలక్టోరల్ ఓట్లు.

ఇక తేల్చుకోనివాళ్ల సంగతి. వీళ్లు రెండు పార్టీలకూ సరిగ్గా నడిమధ్యలో నిలబడి మేనిఫెస్టోలు తూకం వేసుకుంటున్నారని మనం ఊహించుకుంటాం. నేను చదివినంతలో, చూసినంతలో అలా కాదు. వాళ్లకు ఒకేసారి రెండు అభ్యంతరాలుంటాయి. ఉన్నవాళ్లతో విసిగిపోయారు, రాబోయేవాళ్లంటే భయం. 1980లో అధ్యక్షుడు కార్టర్ మీద పోటీ చేసిన రీగన్ కథ ఇదే. కార్టర్ హయాంలో ధరలు మండిపోతున్నాయి, ఇరాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్నారు, జనం విసిగిపోయి ఉన్నారు, అయినా కొన్ని సర్వేల్లో కార్టరే ముందున్నాడు. ఎందుకంటే రీగన్ వస్తే యుద్ధం తెస్తాడేమోనన్న భయం. పోలింగ్‌కి సరిగ్గా వారం ముందు, అక్టోబర్ 28న, క్లీవ్‌లాండ్‌లో ఇద్దరికీ ఒకే ఒక్క డిబేట్ జరిగింది. అందులో రీగన్ చేసిన మొదటి పని, గొంతు పెంచకుండా నెమ్మదిగా, ఇంట్లో పెద్దమనిషిలా మాట్లాడటం. ఆ మాట తీరుతోనే సగం భయం తీరిపోయింది. చివర్లో జనాన్ని అడిగాడు, నాలుగేళ్ల కిందటి కంటే ఇప్పుడు మీ పరిస్థితి బాగుందా, కొట్టుకెళ్లి సరుకులు కొనుక్కోవడం అప్పటికంటే తేలికగా ఉందా అని. వారం తిరిగేసరికి 44 రాష్ట్రాలు ఆయనవి. ముందు భయం తీర్చి, తర్వాత ప్రశ్న అడిగాడు, ఆ వరస గుర్తుపెట్టుకో. భయం తీరకముందే ఆ ప్రశ్న అడిగితే "నువ్వొస్తే ఏం బాగుపడతాం" అనుకునేవాళ్లు.

ఓడినవాళ్లనూ చూడాలి. 1976 ఎండాకాలంలో ఫోర్డ్ సర్వేల్లో 30 పాయింట్లకు పైగా వెనక ఉన్నాడు. పార్టీ మహాసభలో నిలబడి తానే కార్టర్‌ను డిబేట్‌కు పిలిచాడు, అధ్యక్షుడిగా ఉన్న మనిషి అలా పిలవడం అప్పట్లో మామూలు విషయం కాదు. తేడా వారం వారం తగ్గుతూ వచ్చింది. అక్టోబర్ 6న రెండో డిబేట్‌లో తూర్పు యూరప్ మీద సోవియట్ పెత్తనం లేదనేశాడు. నోరు జారడం ఒక ఎత్తు, దాన్ని దిద్దుకోవడానికి రోజులకు రోజులు తాత్సారం చేయడం ఇంకో ఎత్తు. చివరికి 2 పాయింట్లతో ఓడాడు. తప్పు జరిగిన సాయంత్రమే ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ అనుకుంటుంటాను.

అశోక్‌నగర్_హిస్టరీ:

పెద్దాయన చాలా బాగా చెప్పారు. నేను గ్రూప్స్ కోచింగ్‌లో ప్రపంచ చరిత్ర చెప్తాను, మాది జనగామ దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. వెనకనుంచి వచ్చి గెలవడం అంటే నాకు మొదట గుర్తొచ్చేది 1948లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్. అయితే అందరూ ఆ రైలు యాత్ర గురించి చెప్పి వదిలేస్తారు, లోపల ఉన్న విషయం చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

అప్పట్లో ఆయన ప్రత్యర్థి డ్యూయీ గెలుపు ఖాయమని అందరూ రాసేశారు. ఎల్మో రోపర్ అనే పెద్ద సర్వే ఆయన సెప్టెంబర్‌లోనే ఇంక సర్వేలు అనవసరమని ఆపేశాడు. గాలప్ అనే సర్వే సంస్థ చివరి సర్వేలో కూడా ట్రూమన్ 5 పాయింట్లు వెనక, అంటే ఇంచుమించు నీ సెమినార్ లెక్కే తల్లీ. ట్రూమన్ రైలెక్కి ఊరూరా తిరిగాడు, రైలు వెనక పెట్టె గుమ్మంలో నిలబడి మాట్లాడేవాడు, నిజమే. కానీ ఏం మాట్లాడాడో చూడాలి. ఆ ఏడాది పంట విరగపండింది, మొక్కజొన్న ధర పడిపోతోంది. ధర వచ్చేదాకా గింజలు దాచుకుందామంటే రైతులకు చోటు లేదు. ఎందుకు లేదంటే, ప్రభుత్వ సంస్థ కొత్త నిల్వ గిడ్డంగులు సమకూర్చుకోకుండా అంతకు కొన్ని నెలల ముందే కాంగ్రెస్, అంటే డ్యూయీ పార్టీ చేతిలో ఉన్న అక్కడి పార్లమెంటు, చట్టంలో అడ్డం పెట్టింది. ఎవరికీ పట్టని చిన్న క్లాజు అది. ట్రూమన్ సెప్టెంబర్ 18న అయోవాలో డెక్స్‌టర్ అనే ఊళ్లో దుక్కి పోటీలకు వచ్చిన రైతుల ముందు నిలబడి, ఈ కాంగ్రెస్ మీ వెన్నులో గడ్డి ఎత్తే పంగలకర్ర దించింది అన్నాడు. ఆ గింజలు ఎక్కడ పోస్తారు అన్నదే ఆయన పట్టుకున్న విషయం.

ఇది చదివినప్పుడల్లా నాకు మా నాన్న కళ్లముందు కనిపిస్తాడు. కొనుగోలు కేంద్రం ముందు వడ్ల కుప్ప పోసి, తేమ శాతం తగ్గలేదని, గన్నీ సంచులు రాలేదని, లారీ రాలేదని పదిరోజులు అక్కడే పడుకున్నాడు. రాత్రి మబ్బు పడితే పరుగెత్తి టార్పాలిన్ కప్పేవాడు, పొద్దున మళ్లీ తీసి కాళ్లతో వడ్లు తిరగదోసేవాడు. ఆ పదిరోజుల్లో ఎవరైనా నాయకుడు వచ్చి "రైతే రాజు" అంటే మా నాన్న తలెత్తి కూడా చూసేవాడు కాదు. "గన్నీలు ఎందుకు రాలేదో నాకు తెలుసు, ఫలానా దగ్గర ఆగాయి" అని ఒక్కడు చెప్పి ఉంటే, పార్టీ ఏదని అడక్కుండా కూర్చోబెట్టి మాట్లాడేవాడు.

ట్రూమన్ అయోవా గెలిచాడు. ఒహాయోలో 7,107 ఓట్లతో గెలిచాడు. మొత్తం 303 ఎలక్టోరల్ ఓట్లు. కాబట్టి "మధ్యతరగతికి పన్ను తగ్గిస్తాం" లాంటి వాక్యం తీసెయ్. ఒక్క రాష్ట్రం పట్టుకో, అక్కడి మనిషికి ఈ నెలలో నొప్పి పెడుతున్న ఒక్క విషయం పట్టుకో, దానికి కారణమైన ఫైలు ఏ బల్ల మీద ఆగిందో వెతికి పట్టుకో.

కవాడిగూడ_బూత్:

నేను చదువుకున్న విషయాలు చెప్పలేను, చేసిన పని చెప్తా చెల్లెమ్మా. 15 ఏళ్లుగా బూత్ కమిటీలో ఉన్నా, ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. ఓటర్ల లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పేరు పక్కన మనవాళ్లయితే టిక్కు, కాకపోతే ఇంటూ, తెలియకపోతే ప్రశ్న గుర్తు పెడతాం. ప్రశ్న గుర్తులన్నీ తేల్చుకోని ఓట్లే అనుకుంటారు కొత్త పిల్లలు, పెద్ద తప్పు. "చూద్దాం అన్నా" అన్నవాళ్లలో మూడు రకాలు ఉంటారు. కొందరు ఎప్పుడో తేల్చుకున్నారు, మన ముఖం మీద చెప్పరు. కొందరు అసలు పోలింగ్‌కే రారు. మిగిలినవాళ్లే నిజంగా తేల్చుకోనివాళ్లు, వాళ్లు చాలా తక్కువ. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో పోలింగ్ సగం కూడా దాటలేదు. అంత మంది ఇంట్లో కూర్చుంటే, ఆ కొద్దిమంది వెంట పడి తిరగడం కంటే మన టిక్కులను బయటికి తీసుకురావడమే లాభం. నేనైతే ప్లాన్‌లో సగం బలం అక్కడే పెడతా.

అయినా ఒకటి చెప్తా. మా గల్లీలో మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఒక ఆమె ఉంది. నాలుగుసార్లు ఎక్కాం, మిషన్ ఆపకుండానే "చూద్దాం" అనేది. అయిదోసారి అభ్యర్థిని తీసుకెళ్లాం. ఆయన కరపత్రం ఇవ్వలేదు, చేయి ఎత్తి దండం పెట్టి "ఏం ఇబ్బంది ఉందమ్మా" అని స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె మిషన్ ఆపింది. గల్లీ మలుపులో లైటు లేదని, బిడ్డ కోచింగ్ నుంచి రాత్రి 9కి వస్తుందని, రోజూ తనే కిందికి దిగి నిలబడుతున్నానని చెప్పింది. ఆయన చేయిస్తానని మాటివ్వలేదు, ఎన్నికల కోడ్ నడుస్తోందని ఉన్నమాట చెప్పాడు. రెండు రోజుల తర్వాత మేం ఎవరం చెప్పకుండానే మళ్లీ ఎక్కి, ఆ స్తంభం ఎవరి కిందికి వస్తుందో, అర్జీ ఎక్కడ పెట్టాలో కనుక్కుని కాగితం రాసిచ్చి వెళ్లాడు. పోలింగ్ రోజు ఆమె తానే మా టేబుల్ దగ్గరికి వచ్చి, "మీ అభ్యర్థి మళ్లీ వచ్చాడు కదా" అంది. అంతకంటే ఏం చెప్పలేదు. ఆ ఎన్నిక మేం ఓడిపోయాం, ఆ గల్లీలో మాత్రం మాకే ఎక్కువ పడ్డాయి.

కొండాపూర్_రిటర్న్:

బూత్ అన్న చెప్పింది అమెరికాలో కూడా అక్షరాలా నిజం. నేను 2016లో పిట్స్‌బర్గ్‌లో చదువుకుంటున్నా, ఓటు లేదు, ఊరికే చూద్దామని ఒక ఫ్రెండ్ వెంట ఇళ్లు తట్టడానికి వెళ్లా. వాళ్లు టిక్కు, ఇంటూ బదులు 1 నుంచి 5 దాకా నంబర్లు వేస్తారు, 3 అంటే తేల్చుకోనివాళ్లు. ఒక ఇంట్లో పెద్దావిడ జాలీ తలుపు సగమే తెరిచి, చేతిలో గిన్నె తుడిచే గుడ్డతో నిలబడింది. ఇద్దరూ నచ్చలేదంది. మా ఫ్రెండ్ ఫోన్‌లో ఉన్న స్క్రిప్టు చదవడం మొదలుపెట్టాడు, మూడో వాక్యానికి ఆమె కళ్లు వీధి వైపు తిరిగాయి, థాంక్స్ చెప్పి తలుపు వేసేసింది. ఆమెకు ఏది అడ్డు వస్తోందో మేం అడగనే లేదని మెట్లు దిగుతుంటే అర్థమైంది. ఆ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

తర్వాత దీని మీద చదివాను. కల్లా, బ్రూక్‌మన్ అని ఇద్దరు పరిశోధకులు 2018లో 49 ఫీల్డ్ ప్రయోగాలు కలిపి చూశారు. సార్వత్రిక ఎన్నికల్లో యాడ్లు, పోస్టు కార్డులు, ఫోన్లు, ఇళ్లు తట్టడం వల్ల ఓటరు అభ్యర్థిని మార్చుకోవడం సగటున సున్నాకు దగ్గరగా ఉందని తేలింది. నీ మొదటి డ్రాఫ్ట్‌లో ఉన్నవన్నీ దాదాపు ఈ ఖాతాలోకే వస్తాయి, సార్ ఊరికే అనలేదు. కాకపోతే ఒక మినహాయింపు ఉంది. అభ్యర్థి వైఖరి జనానికి బొత్తిగా నచ్చనిదై, నిజంగా మారే అవకాశం ఉన్నవాళ్లు ఎవరో ముందే వెతకడానికి బాగా ఖర్చుపెట్టినచోట కొంత ప్రభావం కనిపించింది. ఇదే ఇద్దరు మయామీలో చేసి 2016లో ప్రచురించిన ఇంకో ప్రయోగం ఉంది. ఇంటికెళ్లి స్క్రిప్టు చదవకుండా, అవతలి మనిషి అనుభవం అడిగి, తమది చెప్పి, 10 నిమిషాలు మాట్లాడితే ట్రాన్స్‌జెండర్ల మీద ఉన్న చిన్నచూపు తగ్గింది, ఆ మార్పు కనీసం 3 నెలలు నిలిచింది. అది ఓటు గురించి కాదు, నిజమే, కానీ మనిషి మనసు ఎలా కదులుతుందో చెప్తుంది. నీ ప్లాన్‌లో యాడ్ల డబ్బు కొంత కోసి ఇలా మాట్లాడగలిగే మనుషులను తయారుచేయడానికి పెట్టు.

ఇంకోటి, 2024 అక్టోబర్‌లో ఒక టీవీ కార్యక్రమంలో కమలా హారిస్‌ను బైడెన్ కంటే మీరు వేరుగా ఏం చేసేవారు అని అడిగితే, ఏదీ గుర్తుకు రావట్లేదని చెప్పింది. అవతలి పార్టీ ఆ ముక్కను యాడ్‌గా వేసింది. ఆమె మంచిదా చెడ్డదా అని నేను వాదించను. తేల్చుకోని మనిషి మనసులో ఉన్న మొదటి ప్రశ్నే అది, దానికి జవాబు లేకుండా టీవీ ముందు కూర్చోకూడదు. నీ అభ్యర్థికి అలాంటి ప్రశ్న ఏదో ముందు కాగితం మీద రాయి.

తార్నాక_పీజీ:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇవన్నీ చదువుతుంటే నా డ్రాఫ్ట్‌లో మనుషులే లేరని అర్థమైంది. ఒక్క సందేహం. 1988లో పెద్ద బుష్ జూలైలో 17 పాయింట్లు వెనక ఉండి, డుకాకిస్‌ను నేరాల విషయంలో, జెండా విషయంలో ఉతికి ఆరేసి 40 రాష్ట్రాలు గెలిచాడు కదా. మా టీములో ఇద్దరు అదే చేద్దామంటున్నారు. దానికి ఏం చెప్పాలి?

చిక్కడపల్లి_పాత_డెస్క్:

మంచి ప్రశ్న వేశావు. అది పనిచేసింది, కాదనను. కానీ ఎప్పుడు పనిచేసిందో చూడు. డుకాకిస్ మసాచుసెట్స్ గవర్నర్, దేశానికి కొత్త. జనం మనసులో ఆయన బొమ్మ ఇంకా పచ్చిమట్టి. ఎవరు ముందు చేయి వేస్తే వాళ్లు ఆకారం ఇవ్వొచ్చు, ఆయనేమో జవాబు చెప్పకుండా వారాలు గడిపాడు. పైగా బుష్ వెనక రీగన్ హయాం నాటి మంచి ఆర్థిక పరిస్థితి ఉంది. నీ అవతలి అభ్యర్థి పదేళ్లుగా జనం చూస్తున్న మనిషైతే ఆ మట్టి ఎప్పుడో కాలింది, ఎంత కొట్టినా కొత్త ఆకారం రాదు, నీకే చేతులు నొప్పి. ఇంకా ఒక భయం ఉంది, ఇద్దరి మీదా విసుగున్న మనిషికి తిట్లు ఎక్కువైతే ఇంట్లో కూర్చుంటాడు.

అదే బుష్ 1992లో వెనకబడ్డాడు. రిచ్‌మండ్‌లో జనం మధ్య డిబేట్ జరిగితే ఒకామె లేచి, దేశం అప్పు వల్ల మీకు సొంతంగా ఏం కష్టం వచ్చిందని అడిగింది. ఆయన తడబడ్డాడు, ఆ సాయంత్రం చేతి గడియారం చూసుకోవడం కెమెరాకు చిక్కింది. ఆయన ప్రత్యర్థి బిల్ క్లింటన్ ఆమె దగ్గరికి నడిచి, మీకేం జరిగిందో మళ్లీ చెప్పండి అన్నాడు. అప్పుడు వెనకబడి ఉన్నది బుష్. ఆ నాలుగడుగులు ఆయన వేయాల్సింది.

అశోక్‌నగర్_హిస్టరీ:

టైముంటే శ్రీలంక కూడా పెట్టు, అధ్యక్ష ఎన్నికంటే అమెరికా ఒక్కటే కాదు. అనుర కుమార దిసనాయకెకు 2019లో వచ్చింది 3 శాతం చిల్లర. 2022లో పెట్రోలు లైన్లు, కరెంటు కోతలు, దేశం దివాలా. 2024 సెప్టెంబర్‌లో మొదటి లెక్కలో 42 శాతం, ఎవరికీ సగం దాటలేదు కాబట్టి ఆ దేశంలో మొదటిసారిగా రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాల్సి వచ్చింది, చివరికి ఆయనే గెలిచాడు. అయిదేళ్లలో అంతా తలకిందులైంది కాబట్టి నీ 5 వారాలకు నేరుగా సరిపోదు, కానీ జనం ఎదురుచూస్తున్న మార్పు ఎవరి ముఖంలో కనిపించిందన్నది చూడొచ్చు.

తార్నాక_పీజీ:

ఇప్పుడే అక్కతో మాట్లాడాను, అక్కడ పొద్దున్న. మీరంతా చెప్పింది చదివి వినిపించి, "నీకు అసలు ఏది అడ్డు వచ్చింది అక్కా" అని అడిగాను. ఇన్ని ఆదివారాలు మాట్లాడాను గానీ నేను కూడా ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, ఇద్దరు పిల్లల డేకేర్ ఫీజు ఇంటి లోను కంటే ఎక్కువైందట, రెండో బాబు పుట్టాక ఉద్యోగం మానేద్దామా అని బావతో రోజూ గొడవట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఒకరోజు ఒక వాలంటీర్, తన వయసు ఆవిడే, చంకలో పాపతో తలుపు తట్టిందట. ఇద్దరూ డేకేర్ ఫీజుల గురించే గుమ్మంలో నిలబడి అరగంట మాట్లాడుకున్నారట. ఆ శుక్రవారం దగ్గర్లోని లైబ్రరీలో ముందస్తు పోలింగ్‌కి వెళ్లి ఓటేసింది. ఎవరికి వేసిందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ప్లాన్ మొత్తం తిరగరాస్తున్నాను. మొదటి పేజీలో జార్జియా మ్యాప్ పెట్టాను, దాని కింద డేకేర్ ఫీజు అని రాశాను. ఆ ఫైలు ఏ బల్ల మీద ఆగిందో రేపు లైబ్రరీలో కూర్చుని వెతకాలి. బూత్ అన్నా, మీ ఓటర్ల లిస్టులో గుర్తులు ఎలా వేస్తారో ఒక కాగితం మీద గీసి ఫొటో పెట్టగలరా, పేర్లు లేకుండా? క్లాసులో బోర్డు మీద గీసి చూపిస్తాను.

కవాడిగూడ_బూత్:

రాత్రి ఇంటికి పోయాక పెడతా చెల్లెమ్మా. పేర్లు, ఇంటి నంబర్లు కొట్టేసి ఉత్త గుర్తులే ఉంచుతా. ప్రశ్న గుర్తు పక్కన చిన్న గీత కనిపిస్తే, ఆ ఇంటికి రెండోసారి వెళ్లామని లెక్క.